అంగస్తంభన మాత్రలు: మీ ప్రశ్నలు, మా డాక్టర్ల జవాబులు

పోయిన నెల షుగర్ జబ్బు మీద వేసిన జవాబుల్లో, చివర ఎక్కడో, ‘అంగస్తంభన తగ్గితే సిగ్గుపడి దాచకండి, డాక్టరుకు చెప్పండి’ అని ఒక వాక్యం రాశాం. ఆ ఒక్క వాక్యానికే చిత్తూరు, తిరుపతి వైపు నుంచి కట్టలుగా ఉత్తరాలొచ్చాయి. చాలావాటి మీద పేరు లేదు, ఊరు మాత్రమే ఉంది. మాకూ అదే సౌకర్యం. ఎక్కువమంది అడిగింది మాత్రల గురించే కాబట్టి ఈసారి వాటికే జవాబులు.

ప్రశ్న: నా వయసు 52. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. ఏడాదిగా అంగం సరిగా గట్టిపడటం లేదు. తెలిసిన మందుల షాపులో చెబితే చీటీ అడక్కుండానే సిల్డెనాఫిల్ 100 మి.గ్రా. మాత్రలు నాలుగిచ్చారు. మొదటిసారి పెళ్లి భోజనం చేసొచ్చి వేసుకుని పడుకున్నా, ఏమీ కాలేదు. రెండోసారి ముఖమంతా ఆవిర్లు, తలపోటు. మిగతా రెండూ బీరువాలో ఉన్నాయి. మందు నకిలీదా? (చిత్తూరు)

జవాబు: ముఖంలో ఆవిర్లు, తలపోటు వచ్చాయంటే మందు అసలుదే అయ్యుండాలి. రక్తనాళాలు విప్పారినప్పుడు కనబడే లక్షణాలవి. తేడా వాడిన తీరులో వచ్చింది.

‘వేసుకుని పడుకున్నా’ అన్నారు. ఈ మాత్ర తనంతట తాను అంగాన్ని లేపదు, కోరికనూ పుట్టించదు. కోరిక కలిగినప్పుడు అంగంలోని నరాల చివర్ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానివల్ల సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం తయారై, లోపలి స్పాంజి లాంటి కండరాన్ని వదులు చేస్తుంది. అప్పుడు రక్తం వచ్చి నిండుతుంది. నిండిన ఒత్తిడికి రక్తం వెనక్కిపోయే సిరలు నొక్కుకుపోయి గట్టిదనం నిలుస్తుంది. ఈ పదార్థాన్ని ఎప్పటికప్పుడు విరిచేసే ఎంజైము ఒకటుంది, దాని పేరు పీడీఈ5. సిల్డెనాఫిల్ చేసేదల్లా ఆ ఎంజైమును కాసేపు ఆపడం. కాలువలో నీళ్లు వస్తేనే కదా మడికి వేసిన గట్టు పనికొచ్చేది! స్పర్శ, సరసం, కోరిక లేకుండా మాత్ర మింగి పడుకుంటే మామూలు నిద్రే పడుతుంది.

ఇక పెళ్లి భోజనం. నెయ్యి, నూనె, మాంసం దండిగా తిన్న కడుపులో సిల్డెనాఫిల్ రక్తంలోకి ఎక్కడానికి సుమారు ఒక గంట ఆలస్యమవుతుంది, ఎక్కేది కూడా తగ్గుతుంది. ఖాళీ కడుపునో, తేలిగ్గా తిన్నాకో, కలయికకు గంట ముందు వేసుకోవాలి. పని చేయడం అరగంట నుంచి గంటలోపు మొదలవుతుంది, దాదాపు నాలుగు గంటల దాకా ఉంటుంది. సాయంత్రం పప్పు, కూరగాయలతో కాస్త సంగటి తింటే ఫరవాలేదు. బిర్యానీ రోజున వద్దు.

మోతాదు సంగతి. 100 అనేది పై హద్దు. మామూలుగా 50తో మొదలుపెడతారు. 65 దాటినవారికి, కాలేయం బాగాలేనివారికి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి 25తో. రోజుకు ఒక్కసారి మించకూడదు. పరీక్షల్లో ఈ మందు వాడినవారిలో నూటికి 16 మందికి తలనొప్పి, 10 మందికి ముఖం ఎర్రబడటం, ఏడుగురికి కడుపులో మంట, నలుగురికి ముక్కు దిబ్బడ కనిపించాయి. మోతాదు పెరిగేకొద్దీ ఇవీ పెరుగుతాయి. ఒకటి రెండుసార్లు వాడి ‘నాకు పనిచేయదు’ అని తేల్చేయకండి. సరైన మోతాదులో, సరైన వేళకు ఆరు నుంచి ఎనిమిదిసార్లు చూశాకే ఆ మాట అనాలి.

షాపతను చీటీ అడగకపోవడమే మాకు అన్నిటికన్నా నచ్చనిది. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి. ఆర్ఎక్స్ గుర్తు, షెడ్యూల్ హెచ్ అన్న మాట, రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక సన్న అక్షరాల్లో ఉంటాయి. చీటీ రాసే డాక్టరైతే ముందు మీరు వాడే మందులన్నీ అడిగేవారు. బీపీ చూసేవారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, పరగడుపు కొలెస్ట్రాల్, పొద్దున తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) రాసేవారు. తొమ్మిదేళ్ల షుగర్ నరాలనూ, రక్తనాళాలనూ రెండింటినీ తింటుంది. షుగర్ ఉన్నవారిలో ఈ మాత్రలు మిగతావారిలో పనిచేసినంత బాగా పనిచేయవు. షుగర్ అదుపులోకి రాకుండా మాత్ర మోతాదు పెంచుకుంటూ పోతే మిగిలేది తలనొప్పే. బీరువాలో ఉన్న ఆ రెండూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చూపించండి.

ప్రశ్న: సార్, మా ఆయనకు 58. రెండేళ్ల కింద గుండెకు స్టెంటు వేశారు. జేబులో ఎప్పుడూ సార్బిట్రేట్ పెట్టుకుని తిరుగుతారు. మొన్న చొక్కా ఉతకడానికి తీస్తే అదే జేబులో ఇంకో స్ట్రిప్పు కనిపించింది, టాడలాఫిల్ 20 అని ఉంది. అడిగితే కసురుకున్నారు. రెండూ కలిస్తే ఏమైనా అవుతుందా? (శ్రీకాళహస్తి)

జవాబు: అవుతుందమ్మా. ప్రాణమే పోవచ్చు. ఈ పేజీలో ఒక్క జవాబు చదివే తీరిక ఉన్నవాళ్లు ఇదే చదవండి.

సార్బిట్రేట్ నైట్రేట్ జాతి మందు. నాలుక కింద పెట్టగానే అది కూడా నైట్రిక్ ఆక్సైడ్ దారిలోనే, అదే సైక్లిక్ జీఎంపీని పెంచి రక్తనాళాలను విప్పుతుంది. టాడలాఫిల్ కూడా సిల్డెనాఫిల్ లాంటి అంగస్తంభన మాత్రే, ఆ పదార్థం విరగకుండా ఆపుతుంది. అంటే ఒకటి కుళాయి తిప్పుతుంది, ఇంకోటి తూము మూస్తుంది. ఒళ్లంతా నాళాలు ఒక్కసారిగా వదులై బీపీ పడిపోతుంది. గుండెకే రక్తం అందదు. ఛాతీ నొప్పి తగ్గాలని పెట్టుకున్న మాత్రే గుండెపోటు తెచ్చిపెట్టవచ్చు.

సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, టాడలాఫిల్ వేసుకున్నాక కనీసం 48 గంటలు ఏ నైట్రేటూ తగలకూడదు. పేర్లు గుర్తుపెట్టుకోండి: ఐసోసార్బైడ్ డైనైట్రేట్ (సార్బిట్రేట్ అంటే ఇదే), రోజూ మింగే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, నైట్రోగ్లిజరిన్ మాత్ర, స్ప్రే, ఛాతీ మీద అంటించే పట్టీ. నికొరాండిల్ అని గుండెనొప్పికి ఇచ్చే మరో మందుంది, అదీ ఇదే లెక్కలోకి వస్తుంది. వీటిలో ఏదైనా రోజూ గానీ, అప్పుడప్పుడూ గానీ వాడేవారికి ఈ మాత్రలు పూర్తిగా నిషిద్ధం. ‘పొద్దున అది, రాత్రి ఇది’ అని సర్దుకోవడం కుదరదు.

టాడలాఫిల్ వేసుకున్న రెండ్రోజుల్లో ఆయనకు ఛాతీ నొప్పి వస్తే సార్బిట్రేట్ పెట్టకండి. కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. అంబులెన్సులో వచ్చినవాళ్లకు, ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుకు, ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో మొదటి మాటగా చెప్పండి. పక్కన అల్లుడున్నాడనో కోడలుందనో ఆగొద్దు. స్ట్రిప్పు చేతిలో పెట్టినా చాలు. అది తెలిస్తే వాళ్లు నైట్రేట్ ఆపి వేరే మందులతో నడిపిస్తారు.

అలాగని స్టెంటు వేసినంత మాత్రాన సంసారం ముగిసిపోలేదు. స్టెంటు ఈ మాత్రలకు అడ్డు కాదు, నైట్రేట్ అడ్డు. గుండె డాక్టరుతో మాట్లాడితే, నొప్పి రాకుండా ఉన్నవారికి నైట్రేట్ అవసరం ఉందో లేదో చూసి, వీలుంటే మార్చి, ఆపైన మాత్ర రాయవచ్చు. గుండెపోటు వచ్చి ఆరు నెలలు కాకపోతే మాత్రం గుండె డాక్టరు అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. కలయిక గుండెకు పెట్టే శ్రమ పెద్దదేమీ కాదు. రెండంతస్తుల మెట్లు చకచకా ఎక్కితే ఆయాసం, నొప్పి రాకపోతే చాలు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి చూపించనక్కర్లేదు.

ఆయన కసురుకోవడం సిగ్గుతోనే. మీరు అడగాల్సింది ‘ఎందుకు తెచ్చావు’ అని కాదు. ‘గుండె డాక్టరుకు చూపిద్దాం పద’ అనండి.

ప్రశ్న: వయాగ్రా గుండె మందుగా పుట్టిందంటారు, నిజమేనా? దానికి నోబెల్ బహుమతి వచ్చిందా? (డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

జవాబు: మొదటిది నిజం, రెండోది సగం నిజం. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు శాండ్విచ్ ఊళ్లో ఫైజర్ కంపెనీ ప్రయోగశాల ఉండేది. అక్కడ 1989లో యూకే-92,480 అనే అంకెతో సిల్డెనాఫిల్‌ను తయారుచేశారు. వయాగ్రా దాని బ్రాండు పేరు. ఛాతీ నొప్పికి మందు చేద్దామన్నది ఆలోచన. 1990ల మొదట్లో మనుషుల మీద పరీక్షిస్తే గుండెకు పెద్దగా ఉపయోగం కనబడలేదు. కానీ అంగం గట్టిపడుతోందని పరీక్షకు వచ్చిన మగవాళ్లు చెప్పారు. కంపెనీ దారి మార్చింది. 1998 మార్చి 27న అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. ఈ జబ్బుకు నోటితో మింగే మొదటి మందుగా ఆమోదం పొందింది ఇదే. అంతకుముందు ఉన్న దారులు సూదులు, గాలి లాగేసే వాక్యూమ్ గొట్టాలు, ఆపరేషన్లు.

అదే ఏడాది వైద్యంలో నోబెల్ బహుమతి రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకు వచ్చింది. అయితే అది మాత్రకు కాదు, రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ కబురు మోసే తీరును కనుక్కున్నందుకు. ఇందులో ఒక తమాషా ఉంది. ఈ బహుమతిని పెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్ కనిపెట్టిన డైనమైట్‌లో ఉండేది నైట్రోగ్లిజరిన్. ముసలితనంలో ఆయన గుండెనొప్పికి డాక్టర్లు రాసిందీ నైట్రోగ్లిజరినే. పైన శ్రీకాళహస్తి అమ్మకు వద్దని చెప్పిన జాబితాలో ఉన్నదీ అదే.

మన దేశంలో మందులకు అప్పట్లో తయారీ పద్ధతి మీదే పేటెంటు ఉండేది, మందు మీద ఉండేది కాదు. 2005 జనవరి నుంచి ఆ చట్టం మారింది. అందుకే అసలు వయాగ్రా ఇక్కడ దిగకముందే దేశీ కంపెనీల సిల్డెనాఫిల్ షాపుల్లో ఉంది. ఈనాటికీ ధరలు అందుబాటులో ఉండటానికి అదో కారణం.

ప్రశ్న: నాకు 27. పెళ్లై మూడు నెలలు. తెల్లవారుజామున బాగానే ఉంటుంది, భార్య దగ్గరికి వెళ్తే మాత్రం జారిపోతుంది. నరాల బలహీనత అని స్నేహితుడు మాత్ర ఇస్తున్నాడు. వేసుకోనా? (రేణిగుంట)

జవాబు: తెల్లవారుజామున గట్టిపడుతోందంటే నరాలూ, రక్తనాళాలూ పనిచేస్తున్నట్టే. ‘నరాల బలహీనత’ గోడల మీద రాసుకునే మాట, వైద్యంలో అలాంటి జబ్బు పేరు లేదు. మీది భయం. భయపడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ అంగంలోని నాళాలను బిగిస్తుంది. నిన్న జారిపోయింది, ఈరోజూ జారిపోతుందేమో అని చూసుకుంటూ ఉంటే జారిపోకేం చేస్తుంది?

రెండు మూడు వారాలు కలయిక ఊసే వద్దని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. దగ్గరగా పడుకోవడం, ముట్టుకోవడం వరకే. పరీక్ష లేదని తెలిసినప్పుడు శరీరం తనంతట తాను తేరుకుంటుంది. అప్పటికీ కాకపోతే డాక్టరే తక్కువ మోతాదు మాత్ర కొన్నాళ్లు ఇచ్చి ధైర్యం తెప్పించవచ్చు. స్నేహితుడి జేబులోది మాత్రం తీసుకోకండి. మన దగ్గర సిల్డెనాఫిల్‌తో డపాక్సెటిన్ కలిపిన మాత్రలు అమ్ముతారు. డపాక్సెటిన్ శీఘ్రస్ఖలనానికి వాడేది, దానికి కళ్లు తిరిగి పడిపోయేవారున్నారు. పెద్ద అక్షరాల బ్రాండు పేరు చూస్తే ఈ తేడా తెలియదు, కింద చిన్న అక్షరాలు చదవాలి.

ప్రశ్న: రోడ్డు పక్క గుడారంలో ఎర్రచందనం కలిపిన లేహ్యం, మూలికల గోలీలు ఇచ్చారు. ఆయుర్వేదం కాబట్టి సైడ్ ఎఫెక్టులు లేవన్నారు. గోలీ బాగానే పనిచేసింది. కానీ ముక్కు దిబ్బడేసి, చూపు కాసేపు నీలంగా కనిపించింది. (పీలేరు)

జవాబు: మూలికకు చూపు నీలంగా మారడమేమిటి? సిల్డెనాఫిల్ కంటిపొరలో ఉండే పీడీఈ6 అనే చుట్టపు ఎంజైమును కూడా కొద్దిగా తాకుతుంది, అందుకే కొందరికి నీలి ఛాయ కనిపిస్తుంది. ముక్కు దిబ్బడ కూడా దాని గుర్తే. మీ గోలీలో ఈ మందు పొడి కలిపి ఉండొచ్చని మా అనుమానం. ‘మూలికలవి’ అని అమ్మే ఇలాంటి వాటిలో సిల్డెనాఫిల్, టాడలాఫిల్ దాచిపెట్టినట్టు అమెరికా ఎఫ్‌డీఏ పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు. గుండె మందులు వాడేవాడు ‘మూలికే కదా’ అని ఇది మింగితే, డాక్టరు అడిగినా ఏ మాత్రా వేసుకోలేదనే చెబుతాడు. అసలు ప్రమాదం అక్కడుంది.

లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటనలివ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం నిషేధించింది. గోడ రాతలూ, కరపత్రాలూ అందులోకి వస్తాయి. ఎర్రచందనం మాటకొస్తే, శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెట్టు మగతనం పెంచుతుందన్నదానికి నమ్మదగిన రుజువు లేదు. అక్రమంగా కొట్టిన దుంగ పొడి తిని కేసులో ఇరుక్కోవడం అదనం.

ప్రశ్న: 64 ఏళ్లు, రిటైరయ్యాను. ప్రొస్టేట్ వాపుకు రాత్రిళ్లు టామ్‌సులోసిన్ వాడుతున్నా. టాడలాఫిల్ 5 రోజూ వేసుకుంటే రెండు పనులూ అవుతాయంటున్నారు. సిల్డెనాఫిల్ కన్నా మంచిదా? (కుప్పం)

జవాబు: రెండు పనులూ అవుతాయన్నది నిజమే. 5 మి.గ్రా. రోజువారీ మోతాదును ప్రొస్టేట్ వాపు వల్ల వచ్చే మూత్ర సమస్యలకు కూడా 2011లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. టాడలాఫిల్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 17 గంటలు పడుతుంది, సిల్డెనాఫిల్‌కు నాలుగే. కాబట్టి అవసరానికి వేసుకునే 10 లేదా 20 మి.గ్రా. మాత్ర ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. భోజనంతో పేచీ లేదు. గడియారం చూసుకోనక్కర్లేదు. వచ్చిన చిక్కల్లా, నడుం నొప్పి, కండరాల నొప్పి వస్తే అవీ అంతసేపు ఉంటాయి. ఒకటి మేలు, ఒకటి తక్కువ అనడానికి లేదు. నెలకోసారి అవసరమైనవారికి రోజువారీ మాత్ర దండగ.

మీ విషయంలో చూసుకోవాల్సింది టామ్‌సులోసిన్. అదీ నాళాలను కొంత వదులు చేసేదే. రెండూ కలిస్తే మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడే వీలుంది. అందుకే ఒక మందు ఒంటికి అలవాటయ్యాక రెండోదాన్ని తక్కువ మోతాదులో కలుపుతారు. మొదటి వారం రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని అప్పుడు నిలబడండి. ప్రాజోసిన్ లాంటి బీపీ మందు వాడుతుంటే ఇంకా జాగ్రత్త.

కార్డు ముక్కల మీద వచ్చినవి

*అలవాటు పడిపోతామా?* మత్తుమందులా ఒంటికి అలవాటయ్యేది కాదు. మాత్ర లేకపోతే కాదేమో అన్న బెంగ మాత్రం అలవాటవుతుంది.

*ద్రాక్షపళ్లు తినకూడదా?* తినొచ్చు. ఇంగ్లీషు కాగితాల్లో రాసే గ్రేప్‌ఫ్రూట్ ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు. దాని రసం మందును రక్తంలో పెంచుతుంది. అసలు చూసుకోవాల్సినవి క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ మాత్రలు. అవీ అదే పని చేస్తాయి.

*మందు తాగి వేసుకోవచ్చా?* ఒక పెగ్గు వరకు పెద్ద ఇబ్బంది ఉండదు. అంతకు మించితే బీపీ పడుతుంది, పైగా సారాయే అంగాన్ని పడుకోబెడుతుంది.

*గట్టిపడి తగ్గకపోతే?* నాలుగు గంటలు దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాలి. లోపల నిలిచిన రక్తంలో ఆక్సిజన్ అయిపోయి కండరం చచ్చిపోతుంది, ఆ తర్వాత శాశ్వతంగా పనికిరాకపోవచ్చు. మాత్ర వేసుకున్నాక ఒక కన్ను చూపు ఉన్నట్టుండి పోయినా, వినికిడి తగ్గినా అంతే, వెంటనే పరుగెత్తాలి.

*మాత్రలు ఏవీ పనిచేయకపోతే?* టెస్టోస్టిరాన్ తక్కువేమో పొద్దున రెండు వేర్వేరు రోజుల్లో చూస్తారు. తర్వాత వాక్యూమ్ గొట్టం, దాని రింగు అరగంట మించి ఉంచకూడదు. ఆపైన అంగంలోకి సన్న సూదితో ఇచ్చే ఆల్ప్రోస్టాడిల్, చివరికి ఇంప్లాంటు ఆపరేషన్. తిరుపతిలో రుయా ఆస్పత్రికో, స్విమ్స్ ఆస్పత్రికో వెళ్లి చూపించుకోండి. చిత్తూరు వాళ్లకు వెల్లూరు దగ్గర. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

*గుండెకూ దీనికీ సంబంధమేమిటి?* అంగంలో ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె ధమనులవి మూడు నాలుగు. కొవ్వు పేరుకుంటే ముందు సన్నదే మూసుకుంటుంది. కాబట్టి నలభై, యాభైలలో కొత్తగా ఈ ఇబ్బంది మొదలైతే ఈసీజీ, బీపీ, షుగర్ చూపించుకోండి. బీడీ, సిగరెట్ ఉంటే ఈరోజే ఆపండి.

ప్రశ్న: మా మనవరాలికి ఏడు నెలలు. తిరుపతిలో గుండె ఆపరేషన్ చేయించాం. ఇంటికి పంపేటప్పుడు సిల్డెనాఫిల్ రాశారు. మా ఊరి మందుల షాపులో చీటీ చూపిస్తే కుర్రాడు నవ్వి, ‘ఇది పిల్లలకు కాదు తాతా, ఎవరో తప్పు రాశారు’ అన్నాడు. మందు ఆపేశాం. తప్పే రాశారా? (పాకాల)

జవాబు: తప్పు కాదు. వెంటనే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి ఫోన్ చేసి, ఎన్ని మోతాదులు తప్పాయో చెప్పి, వాళ్లు చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టండి. పీడీఈ5 అంగంలోనే కాదు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ దండిగా ఉంటుంది. గుండెకు రంధ్రమున్న కొందరు పిల్లల్లో ఆ నాళాల్లో ఒత్తిడి పెరిగి ఉంటుంది, ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్లు తగ్గదు. దాన్ని దించడానికే ఈ మందు. పెద్దవాళ్లలో ఈ జబ్బుకు 2005 నుంచీ వాడుతున్నారు, రోజుకు మూడుసార్లు 20 మి.గ్రా. చొప్పున. పసిబిడ్డకైతే బరువును బట్టి అందులో కొద్ది భాగమే. ఉన్నట్టుండి ఆపితే ఆ ఒత్తిడి మళ్లీ ఎగదన్నుతుంది. పాప ఒళ్లు నీలంగా మారినా, ఎగశ్వాస పెట్టినా, పాలు తాగలేకపోయినా ఫోన్‌తో ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

షాపులో 20 లేదని 50దో 100దో ఇచ్చి ‘ముక్కలు చేసి వేయండి’ అంటే తీసుకోకండి. పసిపాపకు ముక్క కొలత తప్పితే కష్టం. ఆస్పత్రి మందుల కౌంటర్లోనే పొట్లాలుగానో, సిరప్‌గానో చేసి ఇస్తారేమో అడగండి. పాప బరువు పెరిగినప్పుడల్లా మోతాదు మారుతుంది, వెళ్లిన ప్రతిసారీ తూకం వేయించి చీటీ మీద రాయించుకోండి.